మా డచ్చి దొర

"మీ కుటుంబంలో ఈస్టిండియా కంపెనీ కాలంలో వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెల్లవాళ్లు ఎవరైనా ఉన్నారా? పాత చర్చి పుస్తకాల్లో, ప్రభుత్వ రికార్డుల్లో వాళ్ల వివరాలు దొరుకుతాయా?" అని అడిగారు.

ఉన్నారు, దొరుకుతాయి. కాకపోతే మీరు వెతికే మనిషి బదులు వేరే మనిషి దొరుకుతాడు. దానికి సిద్ధపడి మొదలుపెట్టండి.

మాది భీమిలి. మా అమ్మమ్మకి ముత్తాత డచ్చి దొర అని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగాం. ఓడల మీద బట్టల వ్యాపారమట, సముద్రం ఒడ్డున మేడట, గుర్రబ్బండట. ఆ మేడ ఏదని అడిగితే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో మొండిగోడ చూపించేవారు. భీమిలిలో మొండిగోడలకి కొదవా! మా అమ్మమ్మవి కాస్త పిల్లికళ్లు. మా దగ్గరున్న సాక్ష్యం అంతే. మా పిన్ని అయితే ఏటా సమాధుల పండక్కి డచ్చివాళ్ల గోరీల దగ్గరికి కొవ్వొత్తి పట్టుకెళ్తుంది. రాళ్ల మీద రాతలు ఎవరికీ చదవడం రాదు కాబట్టి, ఉన్నవాటిలో బాగా పెద్ద గోరీ చూసి దాని ముందు వెలిగించి వస్తుంది. మన తాతది చిన్న గోరీ ఎందుకవుతుంది?

నాకు అనుమానం వచ్చింది లెక్కల దగ్గర. 1824లో ఇంగ్లిషువాళ్లకీ డచ్చివాళ్లకీ ఒప్పందం జరిగి, మరుసటి ఏడు భీమిలి ఇంగ్లిషువాళ్ల చేతికి వచ్చింది. మా ఇంట్లో పాత బైబిలు మొదటి పేజీలో అమ్మమ్మ వాళ్ల అమ్మమ్మ పుట్టిన తేదీ రాసి ఉంది. 1852. ఇదే మా పిన్నితో అంటే, "అందరూ ఎల్లిపోనారు సరే, ఒక్కడు ఉండిపోడేటే?" అంది. ఆ మాటా నిజమే, కొన్ని కుటుంబాలు ఉండిపోయాయి. వాదించి లాభం లేదని వెతకడం మొదలుపెట్టాను. రిటైరయ్యాక పనేముంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఎక్కడ తెల్లవాళ్ల బాప్తిస్మం, పెళ్లి, ఖననం జరిగినా ఆ ఊరి చాప్లెయిన్, అంటే అక్కడి ఇంగ్లిషు పాదిరి, తన రిజిస్టరులో రాసుకుని, దానికి నకలు మద్రాసు పంపేవాడు. మద్రాసులో మళ్లీ నకలు తీసి లండన్ పంపేవారు. ఆ లండన్ పుస్తకాలే ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి, మద్రాసు వరసకి ఎన్/2 అని నంబరు. వాటి సూచికలు ఫ్యామిలీ సెర్చ్‌లోనూ, ఫిబిస్ అనే బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం సైటులోనూ ఉచితంగా చూడొచ్చు. మీరు ఆన్‌లైన్లో చూసేది నకలుకి నకలు. ఈ సంగతి మర్చిపోవద్దు, మళ్లీ దీనికే వస్తాను.

ఇంటిపేరుతో వెతికితే మూడు నెలలు ఏమీ దొరకలేదు. (ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను, మెల్బోర్న్‌లో ఉన్న మా చుట్టాలు ఒప్పుకోరు.) తీరా చూస్తే ఆయన పేరు ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాశాడు. ఒకచోట మొదటి అక్షరమే వేరు. హైదరాబాదులో నిజాం దగ్గరి ఫ్రెంచి సేనాని మాన్స్యూర్ రేమండ్‌ని మూసారాం చేసి పేటకే పెట్టుకున్నాం మనం, తెల్లవాళ్ల పేర్లు తెల్లవాళ్లే పాడు చేసుకున్నారంటే ఆశ్చర్యమేముంది. కాబట్టి ఇంటిపేరు వదిలేయండి. మొదటి పేరు, ఊరు, ఓ పదేళ్ల వ్యవధి వేసి వెతకండి. ఊరు కూడా అప్పటి స్పెల్లింగులోనే, విజగపటం, బిమ్లిపటం అని. ఇంకో మాట, నెల చందా కట్టించుకునే సైటు ఒకటుంది, పేరు చెప్పను. కార్డు నుంచి డబ్బు కోసుకోవడంలో ఉన్న శ్రద్ధ పేజీ స్పష్టంగా చూపించడంలో లేదు.

చివరికి 1844లో విశాఖలో జరిగిన ఒక పెళ్లి దొరికింది. వరుడి ఉద్యోగం గడిలో "ప్రైవేట్, యూరోపియన్ వెటరన్స్" అని ఉంది. ప్రైవేట్ అంటే మామూలు సిపాయి. ముసలివాళ్లనీ, జబ్బుపడి ఎండలో కవాతు చేయలేని తెల్ల సిపాయిల్నీ కంపెనీవాళ్లు ఒక దళంగా చేసి తేలిక పనులకి ఉంచుకునేవారు. అలాంటివాళ్లు పెన్షను తెచ్చుకుంటూ విశాఖలో, భీమిలిలో స్థిరపడిపోయేవారు. లండన్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకుని బతిమాలి సైన్యం రిజిస్టర్లు కూడా చూపించాను. (లైబ్రరీ పాసు ఉచితమే, వాడి బద్ధకమే ఆరు నెలలు.) ఆ రిజిస్టర్లలో సిపాయి పుట్టిన ఊరు, ఎత్తు, చేరకముందు చేసిన పని రాసి ఉంటాయి. మావాడిది ఐర్లండ్‌లోని కార్క్. ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. పని, లేబరర్.

డచ్చి లేదు, దొరా లేదు. కూలి పనికి పోయే ఐరిష్ కుర్రాడు, తిండికోసం కంపెనీలో చేరినట్టున్నాడు.

నన్నడిగితే, మన జిల్లాల్లో "మా తాత దొర" అని చెప్పుకునే ఇళ్లన్నిటిలోనూ ఆ దొర ఒక సిపాయో, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఓవర్సీరో, రైలింజను డ్రైవరో అయి ఉంటాడు. అసలు దొరలు పెన్షను పుచ్చుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఓడ టిక్కెట్టుకి డబ్బులేనివాళ్లే మనకి మిగిలారు. ఇది నేనంటే మా చర్చిలో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు.

సమాధి రాళ్ల మీద ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. 1905లో జె.జె. కాటన్ అనే ఐసీఎస్ అధికారి ప్రెసిడెన్సీలోని తెల్లవాళ్ల సమాధుల మీది రాతలు జిల్లాలవారీగా జాబితా వేసి అచ్చు వేయించాడు. ఈయన వేరు, ఆనకట్ట కాటన్ దొర వేరు. చాలా ఉపయోగపడే జాబితాయే, కానీ రాయి పెట్టించుకున్నవాడికి కదా అందులో చోటు. సిపాయికి మట్టి దిబ్బ మీద చెక్క సిలువ వేస్తే గొప్ప. చెక్కని వానలు తిన్నాయి, ఉన్న రాళ్లేమో బట్టలుతికే బండలయ్యాయి.

ఇప్పుడు పెళ్లికూతురి సంగతి. లండన్ నకల్లో ఆమెకి ఒక్క ముక్కే ఉంది. "మేరీ, నేటివ్ క్రిస్టియన్." తండ్రి పేరు లేదు, ఊరు లేదు. సంతకం చోట గుణకారం గుర్తు, పక్కన "హర్ మార్క్". అంటే నిశానీ. చదువు రాని ఆడమనిషి అనుకుని నేనూ వదిలేశాను, ఏడాది పాటు. ఆయన ఎత్తు అంగుళాలతో సహా తెలిశాక కూడా ఆమె ఎవరని నాకు తోచలేదు చూడండి.

తర్వాత ఒకసారి, నకళ్లు చూశాం కదా అసలు రిజిస్టరు కూడా చూద్దామనిపించింది. 1947లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడ్డాక పాత ఇంగ్లిషు చర్చిల పుస్తకాలు వాళ్ల చేతికి వచ్చాయి. కొన్ని డయాసిస్ (బిషప్పు) ఆఫీసుల్లో ఉంటాయి, కొన్ని చర్చి బీరువాల్లోనే ఉంటాయి. ఏ చర్చో చెప్పను, నాలుగుసార్లు తిరిగాను. మొదటిసారి అయ్యగారు, అంటే పాస్టరుగారు, క్యాంపు వెళ్లారన్నారు. రెండోసారి పాస్టరేట్ కమిటీ అనుమతి కావాలన్నారు. మూడోసారి అనుమతి ఉంది గానీ బీరువా తాళం కోశాధికారి దగ్గర ఉంది, ఆయన కూతురి పెళ్లిలో ఉన్నాడు. నాలుగోసారి పాపం పాస్టరుగారి భార్య, అమ్మగారే జాలిపడి టీ ఇచ్చి, తాళం తెప్పించారు.

బీరువా తెరవగానే నాఫ్తలీన్ వాసన కొట్టింది. కింద అరలో క్రిస్మస్ స్టార్లు, తబలా, దాని వెనకాల నాలుగు పుస్తకాలు. ఒకటి సగం చెదలు తినేసింది, పేజీ తిప్పితే అంచులు రవ్వలా ఒళ్లో రాలాయి. ఫోటో తీయకూడదన్నారు. అమ్మగారి చిన్నకొడుకు ఇంటర్ చదువుతున్నాడు, వాడు టార్చి పట్టుకున్నాడు. 1844 పేజీ నిలిచే ఉంది. ఆయన సంతకం వంకరటింకరగా ఉంది, మధ్యలో సిరా మరక. దాని కింద ఆమెది.

గుణకారం గుర్తు కాదు. తెలుగు.

"మేరి పయిడంమ వ్రాలు" అని ఉంది. వ్రాలు అంటే సంతకం. "అమ్మ"ని అప్పట్లో అలాగే, సున్నా పెట్టి మ రాసేవారు. అక్షరాలు గుండ్రంగా, ఒకదాన్నొకటి ముట్టుకోకుండా, కాపీ పుస్తకంలో దిద్దుకున్నట్టు ఉన్నాయి. ఆయన రాత కంటే వెయ్యి రెట్లు నయం. మద్రాసు గుమాస్తాకి తెలుగు రాదు, లేదా నకలు రాయడానికి బద్ధకం. ఏకంగా గుణకారం గుర్తు వేసేశాడు. వ్రాలు చేసిన మనిషిని నిశానీ పెట్టిన మనిషిని చేసి లండన్ పంపించాడు. పక్కన టార్చి పట్టుకున్న కుర్రాడు "ఏమైందాంటీ?" అని అడిగాడు, నాకు మాట రాలేదు.

ఆమె ఎక్కడ నేర్చుకుందో ఊహించగలను. లండన్ మిషన్ వాళ్లు 1805లోనే విశాఖ వచ్చారు, తెలుగులోకి సువార్తలు తర్జుమా చేసింది అక్కడే. వాళ్ల బడిలో చదివి ఉంటుంది. నా దగ్గర కాగితం లేదు గానీ నాకు అనుమానం లేదు.

అక్కడి నుంచి నాకు ఆయన మీద ఆసక్తి పోయింది. ఆమె కోసం వెతికితే మాత్రం ఎక్కడా తలుపు తెరుచుకోదు. పిల్లల బాప్తిస్మాలు ఇంగ్లిషు చర్చిలో లేనే లేవు. 1846లో ఫ్రాన్సు వైపు నుంచి, అనెసీ ఊరి నుంచి కథోలిక ఫాదర్లు విశాఖ వచ్చారు. మావాడు ఐరిష్ కదా, వెంటనే అటు దూకాడు. కాబట్టి ఒక చర్చిలో లేకపోతే పక్క చర్చిలో అడగండి. అక్కడి రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటాయి, భయపడకండి, పది మాటలు తెలిస్తే చాలు. అందులోనూ తల్లి పేరు మరియా, అంతే. పయిడమ్మ మాయమైపోయింది.

అసలు ఈ అలవాటు పాతదే. 1687లో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు మద్రాసుకి ఉత్తరం రాశారు. సిపాయిలు ఇక్కడి ఆడవాళ్లని పెళ్లాడితే మంచిదే, పిల్లకి బాప్తిస్మం ఇచ్చిన రోజున తల్లికి ఒక వరహా ఇవ్వండి అని. వరహాకి లెక్క రాసుకున్నారు, పుచ్చుకున్న మనిషి పేరెందుకు? మన రాజ్యాంగం మాత్రం తక్కువ తిందా, 366వ అధికరణంలో ఆంగ్లో ఇండియన్ అంటే తండ్రి వైపు వరసలో యూరోపియన్ ఉండాలి అని రాసుకుంది. మాది కూతుళ్ల వరస కాబట్టి మేం లెక్కలోకి రాం. మా మావయ్య ఆ సర్టిఫికెట్ కోసం తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకున్నాడు.

సివిల్ రికార్డుల గురించి కూడా అడిగారు. 1886లో జనన మరణాల నమోదు చట్టం వచ్చింది, 1899లో మద్రాసుకి విడిగా ఇంకోటి. నేను ఒక మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్లి పయిడమ్మ చావు నమోదు కావాలన్నాను. తేదీ చెప్పమన్నారు. తేదీ కోసమే కదా వచ్చానన్నాను. రెండు వారాలు తిప్పి, రికార్డు లేదని స్టాంపు వేసి నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ఫ్రేము కట్టించాలనుంది.

మా పిన్నికి అంతా చెప్పాను. ఐర్లండ్ కూలీ అంటే మొహం మాడ్చుకుంది. పయిడమ్మ దగ్గరికొచ్చేసరికి "మా సక్కగా రాసిందేటే?" అని రెండుసార్లు అడిగింది. ఫోటో లేదు కదా, గుర్తున్నట్టు కాగితం మీద రాసి చూపించాను. "నీ రాత బాగోదు, దానిది ఇలాగుండదు" అని ఆ కాగితం బైబిల్లో పెట్టుకుంది.

ఈ నవంబరులో సమాధుల పండక్కి మళ్లీ డచ్చివాళ్ల గోరీల దగ్గరికే బయల్దేరింది. ఆయన డచ్చివాడు కాదు పిన్నీ అంటే, "ఎవుడైతే ఏటి, ఇన్నేళ్లు ఎలిగించాం, మానేస్తే ఏటనుకుంటాడు" అంది. పెద్ద గోరీ ముందు ఒకటి వెలిగించింది. సంచిలో ఇంకోటి ఉంది. "పయిడమ్మది ఎక్కడో తెలిస్తే సెప్పు, లేపోతే ఇంటికి పోదాం, ఎండెక్కిపోతంది" అంది.