క్యూఎల్ఈడీ టీవీలో విషం ఉంటుందా?

ప్రశ్న: కొత్త టీవీ కొనాలనుకుంటున్నాం. క్యూఎల్ఈడీ అనే క్వాంటమ్ డాట్ టీవీల్లో కాడ్మియం అనే విషపు లోహం ఉంటుందని విన్నాను. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: టీవీ చూసినందువల్ల ఏమీ కాదమ్మా, ఆ డాట్లు తెర లోపల పొరల మధ్య సీల్ చేసి ఉంటాయి. ఇవి కొన్ని నానోమీటర్ల, అంటే కంటికి కనిపించనంత చిన్న, సెమీకండక్టర్ స్ఫటికాలు. నీలి కాంతి పడితే చిన్నవి ఆకుపచ్చగా, కాస్త పెద్దవి ఎర్రగా వెలుగుతాయి, పదార్థం ఒకటే అయినా సరే! వీటికే 2023లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

మొదట్లో కాడ్మియం సెలినైడ్‌నే ఎక్కువగా వాడారు, రంగు అంత స్వచ్ఛంగా వచ్చేది మరి. కానీ కాడ్మియం ఒంట్లో చేరితే కిడ్నీల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, అందుకే ఎలక్ట్రానిక్ వస్తువుల్లోని పదార్థాలకు యూరప్ 0.01 శాతం పరిమితి పెట్టింది. శామ్‌సంగ్ 2015లోనే కాడ్మియం లేని క్వాంటమ్ డాట్ టీవీలు తెచ్చింది. ఇలాంటివాటిలో ఇండియం ఫాస్ఫైడ్ వాడతారు, దాని చుట్టూ జింక్ సల్ఫైడ్ లాంటి పొర వేస్తారు, ఆ పొర లేకపోతే వెలుగు బాగా తగ్గిపోతుంది. కొనేముందు 'కాడ్మియం ఫ్రీ' అని ఉందో లేదో చూడండి, పాత టీవీని మాత్రం పగలగొట్టి కాల్చేవాళ్లకు ఇవ్వొద్దు.

వైద్యంలో ఈ డాట్ల సంగతి నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. కాపర్ ఇండియం సల్ఫైడ్ డాట్లు ఇచ్చే పరారుణ కాంతి చర్మం కింద నుంచి కూడా కనిపెట్టొచ్చు, ఎలుకల్లో లింఫ్ గ్రంథుల్ని అలా గుర్తించారు. కాడ్మియం లేదు కదా అని మనుషులకు వెంటనే ఎక్కించకూడదు, ఇండియం ఒంట్లోంచి ఎలా, ఎంతకాలానికి బయటికి పోతుందో ముందు తేల్చాలి.