మేజర్స్ బయాలజీలో చేరబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మావయ్య ఆశీస్సులు.

కాలిఫోర్నియాలోని రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీల్లో బయాలజీ రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి వేరే మేజర్ల (ప్రధాన సబ్జెక్టుల) వాళ్లు సైన్స్ అవసరం తీర్చుకోవడానికి, రెండోది బయాలజీ మేజర్లకు. యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కావాలంటే నీకు రెండోదే కావాలి. కోర్సు పేరు చూసి చేరిపోకు. అసిస్ట్ వెబ్‌సైట్‌లో నీ కాలేజీ, వెళ్లదలచిన యూనివర్సిటీ, మేజర్ ఎంచుకుంటే ఏ కోర్సు దేనికి సరిపోతుందో చూపిస్తుంది. తరచుగా రెండు మూడు కోర్సుల వరుసను మొత్తంగానే లెక్కలోకి తీసుకుంటారు. అందుకే మధ్యలో కాలేజీ మారకు. కెమిస్ట్రీ ముందే పూర్తిచేయాలన్న నిబంధన ఉందేమో కూడా చూసుకో.

ఇంటర్‌లో బైపీసీ చదివావు కాబట్టి పదాలన్నీ తెలిసినట్టే ఉంటాయి. జాగ్రత్తపడాల్సింది అక్కడే. పరీక్షలో నిర్వచనం కంటే ‘ఈ ఎంజైమ్ ఆగిపోతే ఏమవుతుంది?’ లాంటి ప్రశ్నలు ఎక్కువ.

మయోసిస్‌లో, అంటే బీజకణాలు తయారయ్యే కణవిభజనలో, చాలామంది లెక్క తప్పుతారు. క్రోమోజోములు ఎన్నో తెలియాలంటే సెంట్రోమియర్లు లెక్కపెట్టు. మనిషి శరీర కణంలో 46. డీఎన్‌ఏ నకలు తయారయ్యాక ఒక్కో క్రోమోజోములో సెంట్రోమియర్ దగ్గర అతుక్కున్న రెండు పోగులు, అంటే క్రొమాటిడ్లు, ఉంటాయి. అలా క్రొమాటిడ్లు 92 అవుతాయి, క్రోమోజోములు మాత్రం 46గానే ఉంటాయి. మొదటి విభజనలో జతలు విడిపోయి ఒక్కో కణానికి 23 వస్తాయి, ఒక్కోదానికి ఇంకా రెండు క్రొమాటిడ్లు. అవి విడిపోయేది రెండో విభజనలో. నాలుగు క్రోమోజోముల కణంతో మొదలుపెట్టి, తల్లివి ఎరుపు, తండ్రివి నీలం పెన్సిల్‌తో, పుస్తకం మూసి గీయి. చెయ్యి ఎక్కడ ఆగిందో ఆ భాగమే మళ్లీ చదువు. మొత్తం అధ్యాయం తిరగేయడం కంటే ఇదే మేలు.

ల్యాబ్‌లో మైక్రోపిపెట్‌తో ద్రవం పీల్చేటప్పుడు బటన్‌ను మొదటి అడ్డు తగిలేదాకానే నొక్కు. రెండోది బయటికి వదిలేటప్పుడు, చివరి బొట్టు కోసం. పీల్చేటప్పుడే రెండోదాకా నొక్కితే కొలత ఎక్కువైపోయి ఫలితం తప్పుతుంది. మైక్రోస్కోప్‌ను ఎప్పుడూ 4ఎక్స్ లెన్స్‌తో మొదలుపెట్టు. 40ఎక్స్‌కి వచ్చాక ఫోకస్ సరిచేసే చిన్న మర మాత్రమే తిప్పాలి, పెద్ద మర తిప్పితే లెన్స్ తగిలి స్లైడు పగులుతుంది.

కోర్సు కష్టమనిపిస్తే వదిలేసే ముందు ఒక్కమాట. నువ్వు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నావు, సెమిస్టర్‌కి 12 యూనిట్ల (క్రెడిట్ల) కంటే తగ్గకూడదు. ఆన్‌లైన్ క్లాసులు ఎన్ని తీసుకున్నా, అందులో ఒక్కటి మాత్రమే ఆ లెక్కకొస్తుంది. డ్రాప్ నొక్కకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే కాలేజీ అధికారి) అనుమతి తీసుకో. తర్వాత చెబితే వీసా స్టేటస్‌కే ఇబ్బంది.

ఇట్లు,
మావయ్య