పాఠకుల ప్రశ్నలు: మారియో గొట్టాలకు ఫైటింగ్ గేమ్‌లో ఏం పని?

ప్రశ్న: నెల్లూరులో చదువుకునే రోజుల్లో ట్రంకు రోడ్డు దగ్గరి వీడియో గేమ్ షాపులో మారియో, ఐస్ క్లైంబర్ క్యాసెట్లు ఆడేవాణ్ణి. ఇప్పుడు మా అబ్బాయి ఆడే సూపర్ స్మాష్ బ్రదర్స్‌లో అవే ఇటుకలు, అవే గొట్టాలు కనిపిస్తున్నాయి. ఇవి అభిమానంతో వేసిన బొమ్మలేనా, ఆటలో వాటికి పని ఉందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: పని ఉంది. ఆ ఆటకు ప్రాణమే అక్కడ ఉంది. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 వంటి ఆటల్లో ఇద్దరూ చదునైన నేల మీద నిలబడి, ఒకరి బలం పూర్తిగా తరిగిపోయేదాకా కొట్టుకుంటారు. వెనక కనిపించే దృశ్యం దాదాపుగా చూడటానికే పరిమితం. మసాహిరో సకురాయ్ రూపకల్పనలో హాల్ లాబొరేటరీ తయారుచేయగా 1999లో నింటెండో 64 అనే గేమ్ యంత్రం మీద వచ్చిన మొదటి స్మాష్ ఈ పద్ధతిని మార్చింది. ఇందులో దెబ్బ తిన్నకొద్దీ ఆ దెబ్బల లెక్క చూపే శాతం పెరుగుతుంది, శాతం పెరిగినకొద్దీ తర్వాతి దెబ్బకు మరింత దూరం ఎగిరిపడతారు, తెర హద్దు దాటితే ఒక ప్రాణం పోతుంది. మారియో గోతిలో పడితే పోయే ప్రాణమే ఇక్కడ గెలుపోటములను తేలుస్తుంది.

మీరు చూసిన గొట్టాలు 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌వి. స్మాష్‌లో మష్రూమ్ కింగ్‌డమ్ అనే స్టేజీలో, అంటే పోరు జరిగే చోట, వాటిలోకి దూరి మరోచోట తేలవచ్చు. అక్కడే త్రాసు తట్టల్లా వేలాడే రెండు పలకలు ఉంటాయి. ఒకదాని మీద నిలబడితే అది దిగుతుంది, రెండోది లేస్తుంది, మరీ కిందికి దిగితే రెండూ పడిపోతాయి. పాత ఆటలో అది ఒంటరి ఆటగాడి చురుకుదనానికి పరీక్ష కాగా, ఇక్కడ ఒకరి బరువు ఎదుటివాడిని పైకి లేపుతుంది, లేదా ఇద్దరి కాళ్ళ కింది ఆధారాన్నీ తీసేస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చినది 2008 నాటి స్మాష్ ఆట బ్రాల్‌లో వచ్చిన మారియో బ్రదర్స్ స్టేజీ. 1983 నాటి ఆటలో అంతస్తును కింది నుంచి గుద్ది తాబేలును వెల్లకిలా పడేసేవారు. స్మాష్‌లో అలా పడిన తాబేలును ఎత్తి ప్రత్యర్థి మీదికే విసరవచ్చు. పాత నియమాన్ని చెడగొట్టకుండా దానికి కొత్త శత్రువును చూపించడమంటే ఇదే. డాంకీ కాంగ్ అనే పాత ఆట నుంచి తెచ్చిన '75 మీటర్లు' అనే స్టేజీ మాత్రం మూలాన్ని మరీ నమ్మకంగా అనుసరించడం వల్ల, కొట్టుకోవడం కన్నా తప్పించుకు తిరగడమే ఎక్కువవుతుంది.

ఐస్ క్లైంబర్ విషయానికొస్తే, 2001 నాటి స్మాష్ ఆట మెలీలో ఐసికిల్ మౌంటెన్ అనే స్టేజీ ఉంది. అక్కడ తెర తనంతట తానే కదులుతుంది. అది పైకి లేచేటప్పుడు వెనకబడి కింద మిగిలినవాడి ప్రాణం పోతుంది. అందుకే ఎదుటివాడిని కొట్టాలా, ముందు పై అరుగుకు గెంతాలా అన్నది క్షణంలో తేల్చుకోవాలి.

పోటీల్లో ఆడేవారు ఇటువంటి స్టేజీలను పక్కన పెట్టి, మూడు అరుగులే ఉన్న బ్యాటిల్‌ఫీల్డ్ వంటివాటిని ఎంచుకుంటారు. యంత్రం కలగజేసుకోకుండా నైపుణ్యమే తేలాలన్న వారి పట్టుదల న్యాయమైనదే. 2018 నాటి స్మాష్ ఆట అల్టిమేట్‌లో స్టేజీలోని ఈ ప్రమాదాలను నిలిపివేసే వీలు కూడా కల్పించారు. మీ అబ్బాయి వాటిని నిలిపివేసి ఆడుతుంటే, మీరు అడిగిన పని చాలావరకు మీకు కనిపించదు.