కాన్చెర్టో పోటీ అంటే ఏమిటి?

మీ అమ్మాయి అమెరికాలో వయొలిన్ చదువుతూ కాన్చెర్టో పోటీకి పేరిచ్చిందని, అదేమిటో చెప్పమని అడిగారు. కాన్చెర్టో అంటే ఒక వాద్యం ప్రధానంగా నిలిచి, ఆర్కెస్ట్రా మొత్తంతో కలిసి వాయించే రచన. సాధారణంగా మూడు భాగాలుంటాయి. అక్కడ చాలా యూనివర్సిటీలు ఈ పోటీ పెడతాయి. పోటీలో సాధారణంగా ఆర్కెస్ట్రా ఉండదు, దాని భాగమంతా ఒకరు పియానో మీద వాయిస్తారు. గెలిచినవాళ్లకే ఆర్కెస్ట్రాతో స్టేజీ ఎక్కే అవకాశం, అదీ చాలాసార్లు ఒక్క భాగానికే.

అసలు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. మీ అమ్మాయి కాస్త ఆగితే పియానో వాయించే మనిషీ ఆగుతారు, ఆర్కెస్ట్రాలోని అరవై మంది అలా ఆగలేరు. 1844లో జర్మన్ స్వరకర్త మెండెల్సన్ పూర్తిచేసిన వయొలిన్ కాన్చెర్టోనే చూడండి. ఆర్కెస్ట్రా ఇలా మొదలుపెట్టగానే, రెండో బార్‌లోనే (బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది) వయొలిన్ సోలో అందుకోవాలి. మొదటి భాగం మధ్యలో ఆర్కెస్ట్రా ఆగిపోయి వయొలిన్ ఒక్కటే మోగుతుంది. దాని చివర్లో విల్లు నాలుగు తీగల మీద ఎగురుతుండగానే ఆర్కెస్ట్రా మొదటి బాణీని మళ్లీ ఎత్తుకుంటుంది. అప్పటిదాకా స్వేచ్ఛగా వాయించిన అమ్మాయి ఆ క్షణం నుంచి లయ తప్పకూడదు. రిహార్సల్స్ కొన్నే దొరుకుతాయి కాబట్టి, ఆర్కెస్ట్రా భాగం కూడా ఇప్పటినుంచే చెవికెక్కించుకోమనండి.