టీనేజ్‌ను కౌమారం అనవచ్చా?

సందేహం: పదమూడో ఏట నుంచి రాసుకున్న డైరీలు ముందు పెట్టుకుని ఆ రోజుల గురించి పుస్తకం రాస్తున్నాను. నేను 'టీనేజ్' అన్న చోటల్లా సంపాదకులు 'కౌమారం' అని, 'డైరీ'ని 'దినచర్య' అని దిద్దారు. చదువుతుంటే అది నా వయసులా అనిపించడం లేదు. ఏది సరి? – ఒక రచయిత్రి

సమాధానం: కౌమారం తప్పని అనలేను. పాత లెక్క మాత్రం వేరు. 5 ఏళ్ల దాకా కౌమారం, 10 దాకా పౌగండం, 15 దాకా కైశోరం, ఆపైన యౌవనం అన్నారు. దాని ప్రకారం మీరు డైరీ మొదలుపెట్టింది కైశోరంలో. ఇప్పుడు వైద్యులూ పాఠ్యపుస్తకాలూ 10 నుంచి 19 ఏళ్ల దాకా కౌమారం అంటున్నాయి కాబట్టి ఆ అర్థమూ స్థిరపడిపోయింది. 'టీనేజ్ వయసులో' అని రాసేవాళ్లను మాత్రం క్షమించలేను. ఏజ్ అన్నాక మళ్లీ వయసెందుకండీ?

తన ఎదుగుదలను వెనక్కి తిరిగి చూసుకున్న రచయితలెవరని అడిగితే నాకు మొదట శ్రీనాథుడే గుర్తుకొస్తాడు. కాశీఖండం అవతారికలో తన రచనలను వరుసగా చెప్పుకున్నాడు. ఒక్క సంవత్సరం పేరు లేదు, ఒక్క అంకె లేదు. 'చిన్నారి పొన్నారి చిరుత కూకటినాడు' మరుత్తరాట్చరిత్ర రాశాడట. కూకటి అంటే పిల్లల జుట్టుముడి. 'నూనూగు మీసాల నూత్న యౌవనమున' శాలివాహన సప్తశతి చెప్పాడట. నూగు అంటే లేత ఆకు మీద కనీకనిపించకుండా ఉండే మెత్తని పొర. మీరు అడుగుతున్న వయసు సరిగ్గా ఇదే. ఆ తర్వాత 'నిండు జవ్వనంబున' నైషధం. ఇక్కడ ఆగి చూడండి. జవ్వనం యౌవనానికి తద్భవమే, మాట ఒకటే. అయినా ముందు తత్సమానికి 'నూత్న' తగిలించి, తర్వాత తద్భవానికి 'నిండు' తగిలించి, ఒకే పద్యంలో ఒకే మాటతో రెండు వయసులు పలికించాడు. పారిభాషిక పదం కోసం ఆయన వెతుక్కోలేదు. మరుత్తరాట్చరిత్ర మనకు దక్కలేదు, సప్తశతిలో చెదురుమదురు పద్యాలే మిగిలాయి. ఆ రచనలు పోయినా అవి రాసిన వయసు ఆ పద్యంలో ఉండిపోయింది.

అయితే ఆ కొలత మగపిల్లవాడిది, మీసాల లెక్క మీకు పనికిరాదు. ఆడపిల్ల ప్రాయానికి మన కావ్యాల్లో మాటలకు కొదవ లేదు: ఎలనాగ, జవ్వని, ముగుద. వీటిలో 'ఎల' నాకు ఇష్టం. ఎలమావి, ఎలదోట, ఎలప్రాయం అన్నింటా అర్థం లేత అనే. తమిళంలో 'ఇళ', కన్నడంలో 'ఎళె' దీని తోబుట్టువులు. మన 'లేత' కూడా ఆ ధాతువుదే, అచ్చు స్థానం మారి 'లే' అయింది. మాట ఎంత అందమైనదైనా, ఇవన్నీ ఎదుటివాడు పిల్లను చూసి పెట్టిన పేర్లు. డైరీ రాసుకునే పిల్ల తనను తాను ఎలనాగ అనుకోదు. మీ ఇబ్బంది అక్కడే ఉందని నా అనుమానం.

అందుకే శ్రీనాథుడి పదాన్ని కాక పద్ధతిని తీసుకోమంటాను. 'రెండు జడల నాడు', 'వోణీలు వేసుకునే రోజుల్లో' అని మీ వయసును మీ ఒంటి మీది గుర్తుతో చెప్పండి. అలా కుదరని చోట, విషయాన్ని దూరం నుంచి వివరిస్తున్నప్పుడు, కౌమారం ఉండనివ్వండి. డైరీలోంచి ఎత్తిరాసే వాక్యాల్లో అప్పుడు 'టీనేజ్' అని ఉంటే టీనేజే ఉండాలి. అప్పటి పిల్ల నోట్లో ఇప్పటి పెద్దరికం పెట్టే హక్కు సంపాదకులకే కాదు, మీకూ లేదు. మొత్తం పుస్తకానికి ఒకే మాట కావాలంటే మాత్రం నేను గట్టిగా ఏదీ చెప్పలేను.

ఇక దినచర్య అంటే రోజూ చేసే పనుల తీరు. ఆయుర్వేద గ్రంథాల్లో ఆ పేరుతో అధ్యాయాలే ఉన్నాయి. రాసుకునే పుస్తకానికి దైనందిని అనే మాట ఉంది, కావాలంటే వాడుకోండి. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీయాత్ర విశేషాలు ఏ రోజువి ఆ రోజు రాసిపెట్టుకున్నాడు. ఆ పుస్తకానికి కాశీయాత్ర చరిత్ర అనే పేరే నిలిచింది. నన్నడిగితే డైరీ తెలుగు మాటైపోయి చాలా కాలమైంది, దాన్ని దిద్దక్కర్లేదు.