గోడలకీ ఫ్లైఓవర్లకీ మొక్కలు పెడితే కాంక్రీటు పగలదా?

అది ఏ మొక్క, ఎలా పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. పిట్ట రెట్టతో గింజ పడి పగుల్లో మొలిచే రావి మొక్క నిజంగానే డేంజర్, వేరు లావెక్కేకొద్దీ పగులు విడిపోతుంది, పైపైన కోసేస్తే మళ్లీ చిగురిస్తుంది.

కావాలని కట్టే పచ్చగోడ వేరు. గోడకి కాస్త ఎడంగా ఇనుప ఫ్రేము, దాని మీద నీరు దిగని షీటు, ఆపైన ఫెల్టు గుడ్డ. మట్టే ఉండదు, వేర్లు ఆ గుడ్డలోనే పాకుతాయి, పైనున్న సన్న పైపు ఎరువు కలిపిన నీళ్లు చుక్కచుక్కగా వదులుతుంది. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో కైషాఫోరమ్ అనే కళాకేంద్రం పక్కన ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాంక్ చేసిన పచ్చగోడ ఇలాంటిదే. చిక్కల్లా ఆ నీళ్లు పైకి తోడే పంపుతోనే, నడివేసవిలో రెండ్రోజులు ఆగిందా, పై వరస మాడిపోతుంది.

నన్నడిగితే వంతెన స్తంభాలకి ఇంత హంగామా అక్కర్లేదు. కింద నేలలో తీగ నాటి, అది పాకడానికి పైకి ఇనుప వైర్లు లాగి కట్టండి చాలు, ఖర్చూ తక్కువే. అయితే వంతెన జాయింట్లూ, బేరింగులూ (స్తంభం మీద వంతెన ఆనే దిమ్మలు) ఆకుల కింద దాక్కోకూడదు, తనిఖీకి వచ్చిన ఇంజనీరుకి పగులు కంటికి కనబడాలి కదా. ఫ్లైఓవర్ కిందైతే ఎండతో పాటు వానా పడదు, నీడలో బతికేవే పెట్టాలి, నీళ్లూ మనమే పోయాలి.