చదువు అయిపోయినోళ్ళకు కాలేజీతో ఏం పని?

ప్రశ్న: మేడమ్, నేను హన్మకొండలో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో చదివాను. అక్కడి లెక్చరర్ ఒకాయన క్లాసులోనే పిల్లల కులం, మతం ఎత్తి మాట్లాడుతున్నాడని జూనియర్లు ఫోన్ చేస్తున్నారు. మేం ఆరుగురం ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇద్దామనుకుంటే, ‘చదువు అయిపోయింది కదా, మీకెందుకు’ అంటున్నారు ఇంట్లో. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికాలో, నాజీలను వెనకేసుకొచ్చిన కాలేజీ మీద అక్కడ చదివిన యూదు మహిళలు నిరసన తెలిపారని చదివాను. వాళ్ళ మాట ఎవరైనా విన్నారా?
– ఒక పాఠకురాలు, హసన్‌పర్తి

జవాబు: అప్పట్లో వినలేదు బిడ్డా.

అలాంటి కాలేజీల్లో బాగా రచ్చకెక్కింది న్యూజెర్సీ మహిళా కాలేజీ. రట్గర్స్ విశ్వవిద్యాలయం కింద 1918లో మొదలైంది. అక్కడ జర్మన్ శాఖ పెద్ద ఫ్రీడ్రిక్ హాప్ట్‌మన్ హిట్లర్ పక్షం. అదే శాఖలో నాజీలంటే గిట్టని లెక్చరర్ లీన్‌హార్డ్ బెర్గెల్. 1935లో బెర్గెల్ ఉద్యోగానికి ఎసరొచ్చింది. గొడవ పేపర్లకెక్కాక ట్రస్టీల కమిటీ కూర్చుంది, అక్కడ చదివినవాళ్ళ సాక్ష్యాలూ తీసుకుంది, చివరికి శాఖ పెద్ద వైపే మొగ్గింది. ఆ పెద్దమనిషి 1940లో ఉద్యోగం వదిలేసి జర్మనీ చేరాడు!

ఇదేదో చిన్న కాలేజీ గొడవ అనుకోకు. 1933లో కొలంబియా విశ్వవిద్యాలయం హిట్లర్ రాయబారి హాన్స్ లూథర్‌ను పిలిచి ఉపన్యాసం ఇప్పించింది. 1936లో నాజీల చేతిలో ఉన్న హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయం 550 ఏళ్ళ పండుగ చేసుకుంటే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రామన్నాయి. హార్వర్డ్, కొలంబియా మాత్రం ప్రతినిధులను పంపాయి. దాని మీద ధర్నా నడిపిన రాబర్ట్ బర్క్ అనే విద్యార్థిని కొలంబియా వెళ్ళగొట్టింది. అతిథిని సాగనంపినట్టు నాజీలను, దొంగను తరిమినట్టు తమ పిల్లవాణ్ణి!

మనకిది కొత్తేం కాదులే. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా పిల్లలను తీసేస్తే నాగపూర్ చేరదీసింది. మన లక్నేపల్లిలో పుట్టిన పీవీ గారు కూడా అట్లా నాగపూర్ దారి పట్టినవారే.

ఇక ‘మీకెందుకు’ అన్న మాట. మీకే ఎందుకంటే, మీ ఇంటర్నల్ మార్కులు ఇప్పుడు ఆయన చేతిలో లేవు. హాల్‌టికెట్ ఆపలేడు. లోపలున్న పిల్ల నోరు తెరిస్తే ప్రాక్టికల్స్‌లో చూసుకుంటాడన్న టెన్షన్ ఆమెకుంటుంది. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో చూసిందే ఇది.

నా సంగతీ ఒకటి చెబుతాను. నేను చదివిన కాలేజీలో ఇట్లాంటి బాధే వస్తే, నలుగురం పోయి ప్రిన్సిపాల్‌కు కాగితం ఇచ్చాం. ఆయన కూర్చోబెట్టి, అటెండర్‌తో చాయ్ తెప్పించి, ఉస్మానియా బిస్కెట్లు పెట్టించాడు. మా కాగితం మడిచి, లోపల ఎర్ర పువ్వున్న గాజు పేపర్‌వెయిట్ కింద పెట్టాడు. ‘చూద్దాం తల్లీ’ అన్నాడు. మేం సంతోషంగా బయటికొచ్చాం. మూడు నెలల తర్వాత అడిగితే, ‘ఏం కాగితం?’ అన్నారు ఆఫీసులో. మా దగ్గర నకలు కూడా లేదు. చాయ్ మాత్రం బాగుంది.

న్యూజెర్సీలో అట్లా కాలేదు. సాక్ష్యాలు రాతలో ఉన్నాయి కాబట్టే 1980లలో విశ్వవిద్యాలయం ఆ వ్యవహారాన్ని మళ్ళీ తిరగదోడగలిగింది. 1989లో దాని మీద చరిత్రకారుల పుస్తకమే వచ్చింది.

కాబట్టి దరఖాస్తులో ‘అసభ్యంగా మాట్లాడుతున్నారు’ అని ఊరుకోకండి. ఏ తేదీ, ఏ పీరియడ్, ఆయన అన్న మాట ఉన్నది ఉన్నట్టు రాయండి. జూనియర్ల పేర్లు వాళ్ళు సరేనంటేనే పెట్టండి. ప్రిన్సిపాల్ గదికి పోకముందే ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబర్ వేయించి, జిరాక్స్ మీద ముద్ర కొట్టించుకోండి. చాయ్ ఆ తర్వాత తాగొచ్చు.